షెఫ్‌షావెన్‌లో నాలుగు రాత్రులు: ఓరుగల్లు నుంచి వెళ్ళిన ఇద్దరు అక్కచెల్లెళ్ళ అభిప్రాయం

మొరాకో ఉత్తర భాగంలో, రిఫ్ పర్వతాల నడుమ ఉన్న షెఫ్‌షావెన్ పట్టణానికి వెళ్ళాలనుకుంటున్న మన ప్రాంతం వారికి ముందుగా ఒక మాట చెప్పదలచుకున్నాను. ఆ ఊళ్ళో కనీసం మూడు రాత్రులు గడిపే వీలు లేకపోతే, ఆ ప్రయాణాన్ని మరో ఏడాదికి వాయిదా వేసుకోవడం మంచిది. ఫెజ్ నుంచో టాంజియర్ నుంచో ఉదయం బయలుదేరి, ఎండ నడినెత్తిన ఉండగా నాలుగు నీలిగోడల ముందు ఫోటోలు దిగి, చీకటి పడకముందే తిరుగు బస్సెక్కే యాత్రనే చాలామంది ట్రావెల్స్ వాళ్ళు అమ్ముతున్నారు. హనుమకొండలో మేము సంప్రదించిన ఒక ఏజెన్సీ వారు కూడా అదే చూపించి, రాత్రి ఉండేటంత ఏముందమ్మా అక్కడ అని అడిగారు. మేము వారి మాట వినకుండా నాలుగు రాత్రులు ఉన్నాము. దానివల్ల మాకు దక్కినదీ, మేము పడిన ఇబ్బందీ రెండూ దాచకుండా ఇక్కడ రాస్తున్నాను.

నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. నాతో వచ్చిన మా చెల్లెలు పూర్తి శాకాహారి. ఆమెకు ఎడమ మోకాలి నొప్పి ఉంది. మా నాన్నగారు వరంగల్ కొత్తవాడలో షత్రంజీలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు, నేసేవారు. ఈ వివరాలన్నీ ఎందుకంటే, ఒక ఊరిని గురించిన అభిప్రాయం చూసిన మనిషిని బట్టి మారుతుంది కనుక, మా కళ్ళు ఎటువంటివో చదివేవారికి ముందే తెలియాలి.

సద్దుల బతుకమ్మ అయిన రెండో వారంలో బయలుదేరాము. వీసా ముందుగానే తీసుకోవాలి. హైదరాబాద్ నుంచి కాసాబ్లాంకాకు నేరుగా విమానం లేదు కాబట్టి దోహాలో మారాము. కాసాబ్లాంకా నుంచి ఫెజ్‌కు రైలులో సుమారు నాలుగు గంటలు పడుతుంది. షెఫ్‌షావెన్‌కు మాత్రం రైలు మార్గం లేదు. ఫెజ్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు బస్సులోనే వెళ్ళాలి. మేము ఎక్కిన సీటీఎం అనే సంస్థ బస్సు చెప్పిన సమయానికి కదిలింది, సీటు సంఖ్య ప్రకారమే కూర్చోబెట్టారు, పెద్ద సామానుకు విడిగా కొద్దిపాటి రుసుము తీసుకుని చీటీ ఇచ్చారు. ఆ చీటీ చూపితేనే దిగేటప్పుడు సామాను ఇస్తారు కనుక దానిని జాగ్రత్తగా దాచుకోవాలి. దారి పొడవునా ఆలివ్ తోటలు కనిపిస్తాయి. వజ్జాన్ పట్టణం దాటిన తరువాత కొండలు దగ్గరవుతాయి, మలుపులు పెరుగుతాయి. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు ముందు వరుస సీట్లు అడిగి తీసుకోవడం మేలు.

బస్ స్టేషన్ ఊరికి దిగువన ఉంది. అక్కడి నుంచి పాత ఊరికి, అంటే వాళ్ళు మదీనా అని పిలిచే భాగానికి, ఎత్తు ఎక్కాలి. నీలం రంగు చిన్న టాక్సీలు ఊరి ద్వారం వరకు మాత్రమే వస్తాయి. లోపల వాహనాలు తిరగవు. ద్వారం దగ్గర తోపుడుబండ్ల వాళ్ళు సామాను తెచ్చిపెడతారు, ధర ముందే మాట్లాడుకుంటే తరువాత మాటామాటా పెరగదు.

మేము దిగిన బస పేరు చెప్పమని కొందరు మిత్రులు అడిగారు. అటువంటి ఇళ్ళు మదీనాలో ఎన్నో ఉన్నాయి కాబట్టి, పేరు కంటే ఎంచుకునే తీరు చెప్పడమే ఉపయోగమని భావిస్తున్నాను. మన పాత భవంతి ఇళ్ళలో నడుమ ఆకాశం కనిపించే వాకిలి ఉన్నట్లే, అక్కడి ఇళ్ళలోనూ నడిమి వాకిలి చుట్టూ గదులు ఉంటాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది గాని, మాకు మొదట ఇచ్చిన గది మూడో అంతస్తులో ఉంది. మెట్లు ఇరుకు, ఒక్కో మెట్టు మోకాటి ఎత్తు. లిఫ్టు అన్న మాటే లేదు. చెల్లెలి అవస్థ చూసిన ఇంటి యజమానురాలు మరునాడే కింది గది ఖాళీ చేయించి ఇచ్చారు; అందుకు ఆమెకు నేను ఎప్పటికీ కృతజ్ఞురాలిని. అయితే ఆ కింది గదిలో వెలుతురు తక్కువ, గోడలకు చెమ్మ ఎక్కువ, రాత్రి చలికి రెండేసి దుప్పట్లు కప్పుకున్నా కాళ్ళు వేడెక్కలేదు. స్నానానికి వేడినీళ్ళు ఒకరికి సరిపోయి రెండోవారికి చల్లారిపోయేవి. కాబట్టి అరవై దాటినవారు మొదటి అంతస్తు గదిని ముందుగానే రాతపూర్వకంగా అడగాలి, గది వేడిచేసే సాధనం ఉందో లేదో కనుక్కోవాలి. ఈ లోపాలన్నింటినీ మరిపించినది అక్కడి ఉదయపు ఫలహారం. డాబా మీద కూర్చోబెట్టి, పొరలు పొరలుగా కాల్చిన మ్సెమ్మెన్ రొట్టె, ఆ కొండల్లో మేసే మేకల పాల జున్ను, తేనె, ఆలివ్ కాయలు, పుదీనా వేసిన తేనీరు పెట్టేవారు. ఇంటావిడ మా ఇద్దరినీ లల్లా అని పిలిచేది. మనం అమ్మగారూ అన్నట్లు, ఆడవారిని గౌరవంగా పిలిచే మాట అది.

ఇక ఊరి విషయానికి వస్తాను. షెఫ్‌షావెన్ అనగానే అందరూ నీలం రంగునే తలచుకుంటారు గాని, నా దృష్టిలో ఆ ఊరికి ఆధారం నీరు. ఊరి తూర్పు అంచున కొండ మొదట్లో రాస్ ఎల్-మా అనే ఊట ఉంది. ఆ పేరుకు నీటి తల అని అర్థం. సూర్యుడు కొండ దాటి పైకి రాకముందే మేము అక్కడికి వెళ్ళేవాళ్ళం. రాళ్ళ మధ్య నుంచి దూకే ఆ నీరు వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటుంది. గట్టున కట్టిన రేవులలో ఆడవాళ్ళు వంగి, బరువైన ఉన్ని దుప్పట్లను రాతిపలకల మీద ఉతుకుతూ ఉంటారు. కొండ ఊటను చూసి కోట కట్టుకున్నవారు, కోటను తలచుకుని చెరువులు తవ్వించిన మన కాకతీయులు ఒకే సంగతి ఎరిగినవారని నాకు అనిపించింది. భద్రకాళి చెరువు గట్టు మీద ఉదయపు నడకకు అలవాటు పడ్డ మాకు, ఆ రేవు దగ్గర కూర్చుంటే పరాయి దేశంలో ఉన్నామన్న భావన కలగలేదు. పదకొండు గంటల వేళకు టూరిస్టు బస్సుల జనం అక్కడికి చేరుతారు, నారింజ రసం అమ్మే బండ్ల దగ్గర సందడి మొదలవుతుంది, ఉతికే ఆడవాళ్ళు మూటలు కట్టుకుని వెళ్ళిపోతారు. ఒక్క పూట యాత్రికులకు ఆ ఊట ఒక ఫోటో మాత్రమే అవుతుందని అనడానికి కారణం ఇదే.

నీలం రంగు గురించి ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. 1930ల్లో వచ్చిన యూదులు ఆకాశానికి గుర్తుగా వేయడం మొదలుపెట్టారని ఒకరంటే, దోమలు రాకుండా అని మరొకరు, వేసవిలో చల్లదనం కోసమని ఇంకొకరు అన్నారు. కారణం ఏదైనా, వేసే పద్ధతి మాత్రం మనకు కొత్తది కాదు. మన ఊళ్ళలో పండుగ ముందు సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి వేస్తే గోడ తెలుపు మెరుస్తుంది. వాళ్ళు ఆ చిటికెడుకు బదులు దోసిళ్ళకొద్దీ కలుపుతారు. చాలా సందుల్లో గోడ కింది సగమే నీలం, పై సగం తెలుపు. సున్నం కనుక వానకు వెలుస్తుంది, మళ్ళీ మళ్ళీ వేస్తారు. ఒకే గోడ మీద ముదురు, లేత పొరలు కలిసి కనిపించేది అందుకే. ఆనుకుని ఫోటో దిగితే బట్టలకు రంగు అంటుకునే అవకాశం ఉంది. మా చెల్లెలి తెల్ల శాలువాకు అంటిన మరక ఇంటికి వచ్చాక రెండు ఉతుకులకు గాని పోలేదు.

సాంఘికశాస్త్రం చెప్పిన దానిని కనుక చరిత్రను దాటి పోలేను. పోర్చుగీసువారు అసీలా, టాంజియర్‌లను పట్టుకున్న 1471లోనే, వారిని ఎదుర్కోవడానికి మౌలాయ్ అలీ ఇబ్న్ రషీద్ ఈ కోటను నిర్మించాడు. 1492లో గ్రనాడా పతనమైన తరువాత స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టబడిన ముస్లింలు, యూదులు ఇక్కడికి వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. ఎర్ర పెంకుల కప్పులు వారు తెచ్చినవే. 1920లో స్పెయిన్ సైన్యం ప్రవేశించేదాకా క్రైస్తవులకు ఈ ఊరు మూసి ఉండేది. 1883లో షార్ల్ ద ఫూకో అనే ఫ్రెంచివాడు యూదు వేషం వేసుకుని లోపలికి వచ్చాడు. 1924లో స్పెయిన్‌వారు వెనక్కు తగ్గగా అబ్దెల్ క్రీమ్ నాయకత్వంలోని రిఫ్ యోధులు ఊరిని పట్టుకున్నారు, 1926లో మళ్ళీ కోల్పోయారు. 1956లో దేశమంతటితో పాటు ఈ ఊరికీ స్వాతంత్ర్యం వచ్చింది. ఊరి నడిబొడ్డున ఉతా ఎల్-హమ్మామ్ అనే చౌరస్తాలో ఉన్న కస్బా కోట ఇప్పుడు మ్యూజియం. ఎర్రమట్టి రంగు గోడలు, లోపల తోట, బురుజు పైకి మెట్లు ఉన్నాయి. పక్కనే పెద్ద మసీదు మినారు ఎనిమిది పలకలుగా ఉంటుంది. ముస్లింలు కానివారిని మసీదు లోపలికి అనుమతించరు.

ఆ కోటలో నేను ఎక్కువసేపు తలచుకున్నది అలీ ఇబ్న్ రషీద్ కూతురిని. అస్-సయ్యిదా అల్-హుర్రాగా ప్రసిద్ధురాలైన ఆమె 16వ శతాబ్దంలో 60 కిలోమీటర్ల దూరంలోని తెతువాన్ నగరాన్ని స్వయంగా పాలించింది, పోర్చుగీసు, స్పెయిన్ ఓడలను సముద్రం మీద ఎదుర్కొంది, 1542లో పదవి కోల్పోయింది. తండ్రి నిర్మించిన కోట నుంచి వచ్చి రాజ్యం ఏలిన ఆడపిల్ల కథ ఓరుగల్లు వారికి ఎవరు చెప్పాలి? ఎన్నో ఏళ్ళు తరగతి గదిలో రుద్రమదేవి పాఠం చెప్పిన నాకు, ఆ బురుజు మీద నిలబడినప్పుడు కళ్ళు చెమర్చాయి. మ్యూజియం వారు ఆమె గురించి మరింత వివరంగా, పర్యాటకులకు అర్థమయ్యే భాషలో రాసి పెట్టవలసింది; చాలా ఫలకాలు అరబ్బీ, ఫ్రెంచి దాటలేదు.

భోజనం విషయంలో శాకాహారులు భయపడవలసిన పని లేదు, అయితే ప్రతిచోటా అడిగి తినాలి. మధ్యధరా ప్రాంతపు ఆహార పద్ధతికి 2010లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు, మొరాకో తరఫున ఆ జాబితాలో నిలిచిన ఊరు ఇదే. ఆలివ్ నూనె, పప్పుధాన్యాలు, కూరగాయలు, రొట్టె అక్కడి వారి నిత్య భోజనం. ఉదయం పూట చిన్న హోటళ్ళలో బిస్సారా అనే చిక్కటి జావ దొరుకుతుంది. ఎండు ఫావా చిక్కుడు గింజలను మెత్తగా ఉడికించి, మీద ఆలివ్ నూనె, జీలకర్ర పొడి, కారం చల్లి, వేడి రొట్టెతో ఇస్తారు. మా చెల్లెలు మొదటి ముద్దకే ఇది ముద్దపప్పే అక్కా అన్నది. జాలూక్ అనేది వంకాయ, టమాట, వెల్లుల్లి, జీలకర్ర కలిపి మగ్గించి మెదిపినది. చింతపులుపు లేకపోవడం తప్ప మన వంకాయ పచ్చడికి దగ్గరి చుట్టం. హరీరా అనే సూప్‌లో తరచుగా మాంసం వేస్తారు. మూత ఉన్న మట్టిపాత్రలో మగ్గించే కూరగాయల తాజీన్ కూడా ఒక్కోసారి మాంసం ఉడికించిన నీటితో చేస్తారు. ఒక హోటల్‌లో మాంసం లేదని చెప్పి తెచ్చిన గిన్నెలో అడుగున ఎముక కనిపించేసరికి చెల్లెలు ఆ పూట పస్తు ఉన్నది; వడ్డించినతను నిజంగానే నొచ్చుకుని డబ్బు తీసుకోలేదు. అక్కడ మాంసం లేదు అంటే ముక్కలు లేవనే అర్థం చేసుకుంటారు. కాబట్టి నీళ్ళలో కూడా వద్దని విడమరచి చెప్పాలి. ఫ్రెంచి కంటే స్పానిష్ ఎక్కువమందికి వచ్చు, మాకు రెండూ రావు. ఫోన్‌లోని అనువాదం, చేతి సైగలు సరిపోయాయి. చౌరస్తా చుట్టూ ఉన్న హోటళ్ళలో కూర్చునే చోటుకు డబ్బు కడతాము, రుచి సందుల్లోని చిన్న హోటళ్ళలోనే ఉంది. మేము తీసుకెళ్ళిన సకినాల డబ్బా సాయంత్రాలకు ఆదుకుంది. ఇంటావిడకు నాలుగు ఇస్తే, నువ్వులను గుర్తుపట్టి ఎంతో సంతోషించింది.

నాకు ఈ ఊరితో బంధం కలిపినది మగ్గం. సన్నని సందులో నడుస్తుండగా చెల్లెలు ఒక్కసారిగా ఆగిపోయింది. అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ జారడం, ఆ పేకను దగ్గరకు కొట్టడం, మళ్ళీ నాడె జారడం, ఆ వరుస చప్పుడు మా చిన్నప్పుడు తెల్లవారుజామున మమ్మల్ని నిద్ర లేపిన చప్పుడే. అక్కా, నాన్న మగ్గం అన్నది. లోపల యాభై ఏళ్ళ నేతగాడు కర్రల మగ్గం మీద కూర్చుని, కాళ్ళతో తొక్కుతూ ఉన్ని దుప్పటి నేస్తున్నాడు. మా ఇంటి షత్రంజీ నూలుది, ఇది ఉన్నిది; మా నాన్నగారి రంగులు వేరు, ఇతనివి వేరు; మిగిలినదంతా ఒకటే. మేము అరగంట నిలబడి చూశాము, అతడు కొనమని ఒక్కమాట అనలేదు. నడుమ నిలువుగా ఉండే పడుగు పోగు ఒకటి తెగింది. అతడు లేచేలోగా చెల్లెలు ముందుకు వంగి, రెండు కొసలు పట్టుకుని, వేలితో ఒక్క తిప్పు తిప్పి అతికించింది. నలభై ఏళ్ళుగా ఆమె మగ్గం ముట్టలేదు. ఆయన ఆ ముడిని వేళ్ళతో తడిమి చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. ఆ తరువాత మూడు రోజులూ మేము ఆ గుమ్మం ముందు ఆగకుండా ముందుకు పోలేదు.

అతని దగ్గర నేర్చుకున్నవి, మాకు ఇదివరకే తెలిసినవి కలిపి కొనేవారికి కొన్ని మాటలు చెబుతాను. మదీనాలో వేలాడదీసిన దుప్పట్లలో చేతితో నేసినవీ, యంత్రం మీద వచ్చినవీ కలిసే ఉంటాయి. అంచు చూడాలి, చేతి నేతలో అంచు అక్కడక్కడ కొద్దిగా లోపలికీ బయటికీ ఉంటుంది. ఉన్నియా, కృత్రిమ దారమా అన్న సందేహం ఉంటే ఒక పోగు తీసి కాల్చమని అడగాలి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య నలుగుతుంది. కృత్రిమ దారం కరిగి గట్టి పూసలా మిగులుతుంది. నిజమైన సరుకు అమ్మేవాడు ఈ పరీక్షకు వెనుకాడడు. కళ్ళి మొక్క పట్టు అని చెప్పి అమ్మే మెరిసే దుప్పట్లు చాలావరకు రేయాన్ అనే కృత్రిమ పట్టువే. బేరం ఆడటం అక్కడి ఆచారమే, చెప్పిన ధరకు కొంటే అమ్మేవారు కూడా ఆశ్చర్యపోతారు. అయినా మగ్గం ముందు కూర్చున్న మనిషితో బేరం ఆడేటప్పుడు, ఆ దుప్పటికి ఎన్ని రోజులు పట్టిందో మొదట అడగాలని నా మనవి. కొత్తవాడలో దళారులు మా నాన్నగారి షత్రంజీకి కట్టిన ధరలు చూస్తూ పెరిగిన దానిని. వరంగల్ షత్రంజీకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చేనాటికి మా వీధిలో ఎన్నో మగ్గాలు అటకెక్కాయి. మేము అతడు చెప్పిన దానిలో కొంచెమే తగ్గించి అడిగాము, అతడు వెంటనే ఒప్పుకున్నాడు. నగదు మాత్రమే తీసుకుంటారు. దిర్హమ్‌లు మన దగ్గర దొరకవు కనుక అక్కడి ఏటీఎంలలోనే తీసుకోవాలి. మేము వెళ్ళినప్పుడు ఒక దిర్హమ్ దాదాపు తొమ్మిది రూపాయలు.

సోమవారం, గురువారం సంత. చుట్టుపక్కల కొండ గ్రామాల నుంచి జబాలా అనే కొండజాతి స్త్రీలు జున్ను, కూరాకు, పుదీనా కట్టలు తెస్తారు. ఎరుపు తెలుపు చారల గుడ్డ నడుముకు చుట్టుకుని, ఉన్ని కుచ్చులు కట్టిన వెడల్పాటి గడ్డి టోపీలు పెట్టుకుంటారు. వారిని అడగకుండా ఫోటో తీయడం తప్పు. మా కళ్ళ ముందే ఒక యాత్రికుడు ఒక ముసలమ్మ ముఖం మీదకు కెమెరా పెట్టగా, ఆమె టోపీతో ముఖం కప్పుకుని పక్కకు తిరిగింది. చూడటానికి బాధ కలిగింది. పూలకుండీలు అమర్చిన కొన్ని మెట్ల దగ్గర ఇంటివారు కొన్ని దిర్హమ్‌లు తీసుకుని ఫోటో తీసుకోనిస్తారు; వారు ఆ కుండీలను చూసుకుంటున్నందుకు అది న్యాయమైన సొమ్మే.

ఆడవాళ్ళు ఇద్దరే వెళ్ళవచ్చునా అని అడిగేవారికి నా సమాధానం, వెళ్ళవచ్చును. రాత్రి పది గంటలకు కూడా సందుల్లో పిల్లలు ఆడుకుంటూ కనిపించారు. ఒక్కటే చికాకు, చెవి దగ్గరకు వచ్చి గంజాయి కావాలా అని అడిగే యువకులు. రిఫ్ కొండల్లో ఆ సాగు ఎప్పటి నుంచో ఉంది. 2021 నాటి చట్టం ఈ జిల్లాతో పాటు మరి రెండు జిల్లాల్లో వైద్య, పారిశ్రామిక అవసరాలకు మాత్రమే దానిని అనుమతించింది. మత్తు కోసం కొనడం నేరమే. వద్దని ఒక్కసారి గట్టిగా చెప్పి నడక ఆపకుండా పోతే వెంటపడరు. యువతీయువకులను పంపే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే చెప్పి పంపాలి.

అక్షూర్ జలపాతాలకు సుమారు 30 కిలోమీటర్లు. తలస్సెమ్తాన్ జాతీయ వనంలోకి పోయే ఆ నడక మోకాళ్ళు బాగున్నవారికే. నేను ఒక్కదాన్నే ఇతర యాత్రికులతో కలిసి దేవుని వంతెన అనే సహజ శిలాతోరణం వరకు వెళ్ళి వచ్చాను. నది మీద అంత ఎత్తున రాయి వంగి నిలబడటం అద్భుతమే గాని, దారిలో జనం పారేసిన ప్లాస్టిక్ సీసాలు మనసు కలచివేశాయి. అంత దూరం పోలేనివారు ఊట దగ్గర నుంచి కొండ మీది బూజాఫర్ మసీదు దాకా అరగంట మెల్లగా నడిస్తే చాలు. 1920ల్లో స్పెయిన్‌వారు కట్టిన ఆ మసీదు గోడ మీద కూర్చుంటే, దిగువన ఊరంతా ఒక్కచూపులో కనిపిస్తుంది, వెనుక జంట శిఖరాలు నిలబడి ఉంటాయి. ఊరి పేరుకు మూలం ఆ కొమ్ముల వంటి శిఖరాలేనని చెబుతారు. మా చెల్లెలు మూడుచోట్ల కూర్చుంటూ ఆ కొండ ఎక్కింది. పొద్దు గుంకాక ఊరి మినారులన్నింటి నుంచి ఒకదాని వెంట ఒకటిగా లేచిన నమాజు పిలుపు కొండకు తగిలి తిరిగి వస్తుంటే, అక్కడున్నవారంతా మాటలు ఆపేశారు. దిగేటప్పుడు చీకటి కనుక చేతిలో టార్చి, కాళ్ళకు జారని బూట్లు ఉండాలి.

అక్టోబరు మాకు అనుకూలించింది. ఏప్రిల్, మే నెలలు కూడా మంచివంటారు. చలికాలంలో ఆ కొండల్లో వానలు ఎక్కువ, తడిసిన రాతిమెట్లు ప్రమాదం. తిరుగు ప్రయాణపు బస్సు టికెట్ ఊళ్ళో దిగిన రోజే కొనుక్కోవాలి. మేము ఆలస్యం చేయగా, కోరిన సమయానికి సీట్లు లేక ఉదయం బస్సు ఎక్కవలసి వచ్చింది. తిరుగుదారిలో టాంజియర్ నుంచి కాసాబ్లాంకాకు 2018లో మొదలైన అల్ బొరాక్ అనే అతివేగ రైలులో రెండు గంటల పది నిమిషాలు పట్టింది. గంటకు 320 కిలోమీటర్ల వేగంతో పోయినా గ్లాసులో నీళ్ళు తొణకలేదు. దుప్పటి తూకం వేస్తే మూడు కిలోలు ఉన్నది, విమానంలో అదనపు బరువుకు డబ్బు కట్టవలసి వస్తుందేమోనని దిగులుపడ్డాము. సకినాల డబ్బా ఖాళీ అయిన చోట సరిగ్గా పట్టింది.